కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణలో సర్టిఫికేషన్ పరీక్షలు: కర్నూలు, కడప సీమ నుంచి ఒక పరిశీలన

కంప్యూటర్ వ్యవస్థలను నడిపించే పనిని సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ అంటారు. సర్వర్లు ఆగకుండా చూడడం, వాడేవాళ్లకు ఖాతాలు తెరిచి ఎవరికి ఎంత అనుమతి అవసరమో అంతే ఇవ్వడం, డిస్కులో చోటు నిండితే పెంచడం, బ్యాకప్ తీయడం, తీసిన బ్యాకప్ నిజంగా తిరిగొస్తుందో లేదో సరిచూడడం, అర్ధరాత్రి ఏదైనా కూలితే లేచి నిలబెట్టడం, ఇవన్నీ ఆ పనిలోవే. ప్రోగ్రామర్ రాసింది తెరమీద కనిపిస్తుంది. అడ్మిన్ పని సక్రమంగా సాగినన్నాళ్లూ ఎవరి కంటా పడదు. అందుకే ఫలానా మనిషికి ఈ పని వచ్చా రాదా అని బయటివాళ్లు తేల్చుకోవడం చాలా కష్టం. ఆ కష్టం తీర్చడానికి పుట్టినవే వృత్తి ధ్రువీకరణ పరీక్షలు, వాడుకలో సర్టిఫికేషన్లు. డిగ్రీ పట్టా నాలుగేళ్ల చదువుకు గుర్తు. ఈ పరీక్షలు మాత్రం ఒకే పనిని, ఒకే ఉత్పత్తి మీద, ఈనాటికి వచ్చో లేదో చెబుతామంటాయి. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకుంటున్నాయన్నదే అసలు ప్రశ్న. సర్టిఫికెట్ మీద అచ్చయిన కంపెనీ పేరు ఎంత పెద్దదన్నది దానికి జవాబు ఇవ్వదు, పరీక్ష పెట్టిన తీరే ఇస్తుంది. నడుస్తున్న యంత్రాన్ని ముందుంచి పని చేసి చూపించమనే పరీక్షకూ, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించమనే పరీక్షకూ మధ్య తేడా ఎక్కడైనా పెద్దదే. కర్నూలు, కడప లాంటి మెట్ట ప్రాంతపు విద్యార్థికి ఆ తేడా ఇంకా పెద్దది.

ఈ సీమలో వాన తక్కువ, పరిశ్రమ తక్కువ, కాలేజీలు మాత్రం తక్కువ కాదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి చాలా దూరం కేసీ కాలువ ఆయకట్టును ఒరుసుకునే సాగుతుంది. ఆ దారిలోనూ, దానికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలోనూ ఇంజినీరింగ్ విద్య నలభై ఏళ్లుగా పాతుకుంది. కర్నూలు జి. పుల్లారెడ్డి కాలేజీ, కడప కేఎస్‌ఆర్‌ఎం 1980లలో మొదలయ్యాయి. 1995లో నంద్యాల ఆర్‌జీఎం, 1998లో రాజంపేట అన్నమాచార్య, 2006లో పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీ, 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వచ్చాయి. 2015లో కర్నూలుకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రిపుల్ ఐటీ డీఎం కూడా వచ్చి జగన్నాథగట్టు మీద స్థిరపడింది. వీటినుంచి ఏటా వేలమంది పట్టాలు తీసుకుని బయటికొస్తున్నారు. లేనిదల్లా పని నేర్చుకునే చోటు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొత్తగా చేరిన కుర్రవాడు సీనియర్ పక్కన కూర్చుని, అతను టికెట్ ఎలా చదువుతాడో, లాగ్ ఫైలులో ముందు ఏ వరుస చూస్తాడో, ఏ కమాండ్ కొట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడో గమనించి నేర్చుకుంటాడు. కర్నూలు, కడపల్లో ఆ కుర్చీలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. కలెక్టరేట్లలోని ఎన్‌ఐసీ విభాగాలు, కాలేజీ ల్యాబులు, పెద్దాసుపత్రులు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, వీటన్నిటికీ కంప్యూటర్ వ్యవస్థలు కావాలి. కానీ ఒక్కోచోట ఒకరో ఇద్దరో చూసుకుంటే సరిపోతుంది. 2006లో కడప కేంద్రంగా ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు సైతం 2025లో రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసిపోవడంతో దాని ప్రధాన కార్యాలయం కడప దాటిపోయింది. 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా వచ్చిన సచివాలయాల్లో కంప్యూటర్లూ ఉన్నాయి, డిజిటల్ అసిస్టెంట్లూ ఉన్నారు. వాళ్లు వాడే సర్వర్లు మాత్రం ఆ ఊళ్లలో లేవు. పనివాడి పక్కన కూర్చునే వీలు లేనిచోట, మంచి సర్టిఫికేషన్ సిలబస్ ఆ పనివాడి బదులు నిలబడగలదు. ఏం నేర్చుకోవాలో, ఏ వరుసలో నేర్చుకోవాలో, ఎంతవరకు వస్తే వచ్చినట్టో అది చెబుతుంది. అందువల్ల ఇక్కడి విద్యార్థికి సర్టిఫికేషన్ వల్ల దక్కేది అలంకారం కంటే ఎక్కువ, దొరకని గురువుకు అది ప్రత్యామ్నాయం. ఆ గురువు మంచివాడా కాదా అన్నది చూసుకోవాల్సిన అవసరం కూడా ఇక్కడే ఎక్కువ.

ఈ పరీక్షలు పుట్టింది కంపెనీల అవసరం నుంచి. 1980ల చివర నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న నోవెల్ సంస్థ, దాన్ని నడపగల మనుషులు ఊరికొకరు లేకపోతే సరుకు కదలదని గ్రహించి ఇంజినీర్లకు ధ్రువపత్రాలివ్వడం మొదలెట్టింది. మైక్రోసాఫ్ట్ 1992లో అదే దారి పట్టింది. 1993లో కాంప్‌టియా ఏ ప్లస్, సిస్కో సీసీఐఈ వచ్చాయి. అందరికీ తెలిసిన సీసీఎన్‌ఏ కూడా సిస్కోదే, 1998 నాటిది. మన దేశంలో ప్రభుత్వం వైపు నుంచి డోయెక్ పథకం 1990లోనే ఓ లెవల్, ఏ లెవల్ పరీక్షలు తెచ్చింది. ఆ పథకం నడిపిన సంస్థే 2011 నుంచి నైలిట్. కానీ తెలుగు కుర్రకారును ఊపేసింది మాత్రం మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్‌ఈ. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థలు వెలుస్తున్నాయి. కర్నూలు నుంచి సుమారు 210 కిలోమీటర్లు, ఒక రాత్రి బస్సు ప్రయాణం. హాస్టల్లో మంచం, ఉదయం బ్యాచి, సాయంత్రం ల్యాబు, గోడలనిండా కోర్సుల పేర్లు. రాయలసీమ మధ్యతరగతి ఇళ్లలో ఆ పేటకు పంపడం ఒక తరానికి పెద్ద పెట్టుబడి అయింది. విండోస్ ఎన్‌టీ 4.0 నాటి ఎంసీఎస్‌ఈకి నాలుగు ప్రధాన పరీక్షలు, రెండు ఐచ్ఛికాలు, వెరసి ఆరు రాయాలి. విండోస్ 2000 వచ్చాక అవి ఏడయ్యాయి. చూడ్డానికి కఠినమైన వ్యవస్థే. దాని బలహీనత పరీక్షల సంఖ్యలో లేదు, ప్రశ్న రూపంలో ఉంది. చాలా ప్రశ్నలకు జవాబు గుర్తించడమే పని. ప్రశ్నలు ఒక నిల్వలోంచి వస్తాయి, ఆ నిల్వకు హద్దుంది, కాబట్టి రాసొచ్చినవాళ్లు గుర్తుంచుకున్నవన్నీ పోగేస్తే కొన్నాళ్లకు నిల్వంతా బయటే ఉంటుంది. అలా పోగేసినవాటికే డంప్స్ అని పేరు. అభ్యర్థి ప్రతి పరీక్షకు ముందూ ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకుంటాడు, అయినా ఈ వ్యాపారం ఆగలేదు. మైక్రోసాఫ్ట్ పరీక్షల ప్రశ్నలు వెబ్‌సైటులో అమ్మిన ఒక వ్యక్తి మీద అమెరికాలో వ్యాపార రహస్యాల చౌర్యం కింద కేసు నడిచి, 2002లో అతను సియాటిల్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే, సర్టిఫికెట్ ఉండి సర్వర్ ముట్టుకోవడం రాని వాళ్లకు ప్రపంచమంతటా పేపర్ ఎంసీఎస్‌ఈ అనే పేరు స్థిరపడిపోయింది.

డంప్స్ వల్ల నష్టపోయేది మోసం చేసినవాళ్లేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ నష్టపోయేది చదివి రాసినవాళ్లు, వాళ్లలోనూ దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. హైదరాబాద్‌లో చదివిన అబ్బాయికి తెలిసినవాళ్లుంటారు, చేసిన ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అతని గురించి చెప్పే నోరు ఒకటుంటుంది. ఆదోని నుంచో జమ్మలమడుగు నుంచో పోయిన అమ్మాయికి ఆ కాగితం తప్ప సాక్ష్యం లేదు. ఆ కాగితాన్ని ఎవరూ నమ్మని రోజు వస్తే ఆమెకు మిగిలేదేమీ లేదు. ఇంకో కష్టం భాషది. జవాబు గుర్తించే పరీక్షల్లో నాలుగు జవాబులూ కొంతవరకు సరైనవే ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా మేలైనది ఏది, అన్నిటికన్నా తక్కువ శ్రమతో అయ్యేది ఏది, మొట్టమొదట చేయాల్సింది ఏది అని అడుగుతారు. మెలిక సర్వర్లో ఉండదు, ఆంగ్ల వాక్యంలో ఉంటుంది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషుతో కుస్తీపట్టి, బీటెక్‌లో చేరిన విద్యార్థి ఆ పని చేయగలిగి కూడా ఆ వాక్యం దగ్గర మార్కు పోగొట్టుకుంటాడు. సీసీఎన్‌ఏ ఇంగ్లీషులోనూ జపనీసులోనూ రాయవచ్చు, తెలుగులో వీల్లేదు. ఒక్క సిస్కో అనేముంది, ఇక్కడ చెప్పుకున్న విదేశీ సంస్థల పరీక్షలేవీ తెలుగులో లేవు. ఇది న్యాయమా అన్న చర్చ వేరే. ఉన్నంతలో భాష భారం తక్కువగా ఉండే పరీక్ష ఏదన్నది ఈ విద్యార్థికి వెంటనే పనికొచ్చే ప్రశ్న.

1999లో రెడ్ హ్యాట్ సంస్థ ఆర్‌హెచ్‌సీఈ పరీక్షతో వేరే దారి వేసింది. మొదటి నుంచీ అందులో ముఖ్యమైనది యంత్రం మీద చేసి చూపించే పని. ఇప్పుడు తొలి మెట్టుగా ఉన్న ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో, అంటే ఈఎక్స్200 పరీక్షలో, అభ్యర్థి ముందు లినక్స్ యంత్రాలుంటాయి, చేయాల్సిన పనుల జాబితా ఉంటుంది, సుమారు మూడు గంటల వ్యవధి ఉంటుంది. ఇంటర్నెట్ ఉండదు. యంత్రంలోనే ఉండే మాన్యువల్ పేజీలు మాత్రం ఎంతైనా చదువుకోవచ్చు. 300 మార్కులకు 210 వస్తే ఉత్తీర్ణత. అడిగే పనులన్నీ రోజువారీ అడ్మిన్ చేసేవే. రూట్ పాస్‌వర్డ్ తెలియని యంత్రాన్ని బూట్ మధ్యలో ఆపి లోపలికి పోవడం, డిస్కును భాగాలు చేసి లాజికల్ వాల్యూమ్ కట్టడం, ఉన్న వాల్యూమ్‌ను లోపలి సమాచారం చెడకుండా పెంచడం, ఫలానా గుంపుకే అందే ఉమ్మడి ఫోల్డరు ఏర్పాటు చేయడం, ఫైర్‌వాల్‌లో ఒక ద్వారం తెరవడం, వెబ్ సర్వర్ ఎందుకు తెరుచుకోవడం లేదో చూసి ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ పెట్టిన అడ్డంకిని తీయడం. ఈ పరీక్షలో అన్నిటికన్నా గొప్ప నియమం ఒకటుంది. చేసిన ప్రతి మార్పూ యంత్రం ఆగి మళ్లీ లేచాక కూడా నిలిచి ఉండాలి. అది లేకపోతే ఈ పరీక్ష సగం ఉత్తదైపోయేది. అభ్యర్థి కొత్త డిస్కును అతికించాడనుకోండి. ఆ క్షణానికి పనిచేస్తుంది. ప్రతిసారీ తానే అతుక్కోవాలంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ఒక వరుస చేర్చాలి. ఆ వరుసలో ఒక్క అక్షరం తప్పితే మరుసటి బూట్‌లో యంత్రం పూర్తిగా లేవక అత్యవసర స్థితిలో ఆగిపోతుంది. అప్పటిదాకా చేసిన మిగతా పనులన్నీ సరిగ్గా ఉన్నా చూపించడానికి యంత్రమే లేదు. తెలిసినవాడు ఆ వరుస రాశాక రీబూట్ చేయకముందే మౌంట్ కమాండ్‌తో సరిచూసుకుంటాడు. ఈ అలవాటు ఏ పుస్తకంలోనో ఒక వాక్యంగా ఉన్నా, చేతికి వచ్చేది మాత్రం ఒకసారి యంత్రాన్ని చంపుకుని మళ్లీ బతికించుకున్నాకే. సర్వర్ గదిలో అసలైన అడ్మిన్‌కూ కొత్తవాడికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. అందుకే ఈ పరీక్షకు తయారవడమే పని నేర్చుకోవడం అవుతుంది. జవాబు గుర్తించే పరీక్షకు తయారవడంలో ఈ హామీ లేదు.

లినక్స్ ఫౌండేషన్ 2014లో తెచ్చిన ఎల్‌ఎఫ్‌సీఎస్, సర్వర్ల గుంపును నడిపే కుబర్నెటీస్ మీద 2017లో వచ్చిన పరీక్ష సీకేఏ ఈ కోవలోవే. రెండు గంటలపాటు కమాండ్ లైన్ ముందు కూర్చుని పనిచేయాలి. సీకేఏలో అధికారిక పత్రాలు తెరిచి చూసుకోనిస్తారు. సిస్కో సీసీఐఈ ల్యాబు ఎనిమిది గంటల పరీక్ష, దాని శాశ్వత కేంద్రాల్లో ఒకటి బెంగళూరులోనే ఉంది. చేసి చూపించే పరీక్షలకూ జవాబు గుర్తించే పరీక్షలకూ నడుమ ఎల్‌పీఐసీ-1 అనే లినక్స్ పరీక్ష నిలుస్తుంది. రెండు పరీక్షలు, ఒక్కోదానికి 90 నిమిషాల్లో 60 ప్రశ్నలు, అందులో కొన్నింటికి కమాండ్‌ను స్వయంగా టైపు చేయాలి. మైక్రోసాఫ్ట్ కూడా 2023 నుంచి తన ఉద్యోగ ఆధారిత పరీక్షల్లో అధికారిక పత్రాలు చూసుకునే వీలిచ్చింది. జ్ఞాపకశక్తిని కొలిచి లాభం లేదన్న గుర్తింపు ఎంసీఎస్‌ఈ పెట్టిన సంస్థకే వచ్చిందంటే ఈ వాదనకు అంతకన్నా బలమైన సాక్షి అక్కర్లేదు. పని చేసి చూపించమనడం మనకు కొత్త ఆలోచన కూడా కాదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పరీక్షకు వెళ్లినవాడు ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది, ఇచ్చిన కొలతకు తెచ్చి, జతగా ఇచ్చిన ముక్కలో అమర్చి చూపించాలి. ఎంత ఇంగ్లీషు వచ్చో ఎవరూ అడగరు, కొలత కుదిరిందా లేదా అన్నదే చూస్తారు. అదే ఐటీఐల్లో కంప్యూటర్ వ్యవస్థల మెయింటెనెన్స్‌కు రెండేళ్ల ట్రేడు కూడా ఉంది. చేసి చూపించే ఆ పద్ధతి ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబు దాకా వచ్చేసరికి పలచబడింది. రికార్డు ఒకరిది చూసి ఒకరు రాసుకోవడం, ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు రెండు ప్రశ్నలడిగి మార్కులు వేసేయడం చాలాచోట్ల మామూలైపోయింది. ల్యాబు పరీక్ష నిజంగా ల్యాబు పరీక్షలా జరిగి ఉంటే, బయటి కంపెనీ ధ్రువపత్రం కోసం ఇంత ఆరాటం ఉండేది కాదన్నది ఒప్పుకోవాల్సిన మాట.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. చేసి చూపించే పరీక్షల పనుల జాబితాలు మాత్రం బయటికి రావడం లేదా అంటే, వస్తున్నాయి. వాటిని బట్టీపట్టి కమాండ్లు వరసగా కొట్టి గట్టెక్కేవాళ్లూ ఉన్నారు. అయితే రెండింటికీ తేడా ఉంది. జవాబు సి అని గుర్తుపెట్టుకున్నవాడికి సి అనే అక్షరం తప్ప మరేమీ రాదు. వాల్యూమ్ పెంచే పనిని ముప్పైసార్లు చేసి గుర్తుపెట్టుకున్నవాడికి వాల్యూమ్ పెంచడం వస్తుంది. పైగా డిస్కు పేరు మారినా, సైజు మారినా, ఒక కమాండ్ తప్పు చూపించినా, అర్థం కాకుండా కొట్టినవాడు అక్కడే ఆగిపోతాడు. బట్టీ కూడా కొంత పనితనంగా మారే పరీక్ష, బట్టీ బట్టీగానే మిగిలే పరీక్ష ఒకటి కావు. మరో అభ్యంతరం అనుభవం ముందు సర్టిఫికెట్ ఎంత అన్నది. నిజమే, రాత్రి రెండు గంటలకు డేటాబేస్ ఆగినప్పుడు అవతల కేకలేస్తున్న మేనేజరుతో మాట్లాడుతూ కారణం వెతకడాన్ని ఏ పరీక్షా కొలవదు. కానీ మొదటి ఉద్యోగం లేనివాడికి అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఖాళీని పూడ్చుకోవడానికి కొందరు చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రెజ్యూమెలో రాసుకుంటున్నారు, దానికి కాగితాలు పుట్టించే వ్యాపారమూ ఉంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ కుర్రవాడి పేరు పోతుంది, దొరకకపోతే ఏళ్లతరబడి ఆ భయం పోదు. అబద్ధపు అనుభవానికీ అనుభవం లేకపోవడానికీ మధ్య నిజాయితీగా నిలబడే చోటు ఒకటి కావాలి. చేసి చూపించిన పరీక్ష ఆ చోటు ఇస్తుంది. ఇది ఒక్కటే చాలు దాన్ని సమర్థించడానికి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఖర్చు. 2024-25లో సీసీఎన్‌ఏ ఫీజు 300 డాలర్లు, మన దగ్గర దానిమీద 18 శాతం జీఎస్టీ. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. డాలరు ఎనభై మూడో ఎనభై నాలుగో రూపాయలున్న ఆ ఏడాది లెక్కలో పన్నుతో కలిపి ఆ పరీక్ష, చట్టం అప్పట్లో హామీ ఇచ్చిన 100 రోజుల పనికి వచ్చే మొత్తం కూలికి దాదాపు సమానం. తప్పితే మళ్లీ అంతా కట్టాలి. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఏ ఇంట్లోనూ ఈ మాట ఎత్తలేరు. ఈ అభ్యంతరాన్ని తోసేయడం అన్యాయం. దీనికి జవాబు పరీక్షకూ తయారీకీ మధ్య గీత గీయడంలో ఉంది. తయారీకి డబ్బు అవసరం లేని రోజులు వచ్చాయి. 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ సెంటాస్ లినక్స్ పాత పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించాక, 2021లో ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ ఉచితంగా వచ్చాయి. కమాండ్లు రెడ్ హ్యాట్ లినక్స్‌వే, ఫైళ్లూ అవే. అదే ఏడాది రెడ్ హ్యాట్ తన డెవలపర్ చందా కింద 16 యంత్రాల వరకు ఉచితంగా వాడుకోనిచ్చింది. ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసుకుంటే మూడు సర్వర్ల ల్యాబు సిద్ధం. ఇడుపులపాయ విద్యార్థి చేతిలో కాలేజీ ఇచ్చిన ల్యాప్‌టాప్ చాలు. సిలబస్ అంశాలన్నీ ఆయా సంస్థలు బహిరంగంగానే పెడతాయి. అంటే గురువు ఉచితం, గురువు సంతకానికి మాత్రమే ఖరీదు. సంతకం ఎప్పుడు కొనాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరాక ఫీజు కట్టే కంపెనీలు చాలానే ఉన్నాయి. ముందే కొనాల్సివస్తే ఒక్కటి చాలు. మూడు చవక బ్యాడ్జీల కంటే చేసి చూపించిన ఒక్క పరీక్ష ఎక్కువ మాట్లాడుతుంది.

గడువు తీరిపోయే సర్టిఫికెట్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు త్వరగానే చెప్పుకోవచ్చు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, సీసీఎన్‌ఏ మూడేళ్లు చెల్లుతాయి, ఎల్‌పీఐసీ ఐదేళ్లు. మైక్రోసాఫ్ట్ కొత్త పద్ధతి సర్టిఫికెట్లు ఏడాదికే తీరతాయి, కానీ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండా పొడిగించుకోవచ్చు. గడువు పెట్టడంలో వ్యాపారం ఉంది, న్యాయమూ ఉంది. పదేళ్ల కిందటి సర్వర్ తెలిసినవాడికి నేటి సర్వర్ తెలిసినట్టు కాదు. ఇక క్లౌడ్ వచ్చాక అడ్మిన్ పనే పోయిందనే మాట నిలిచి ఆలోచించదగ్గది. మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31తో ఎంసీఎస్‌ఈని పూర్తిగా ఎత్తేసి తన క్లౌడ్ అయిన అజూర్ పరీక్షల వైపు మళ్లింది. రెడ్ హ్యాట్ 2019 తర్వాత ఆర్‌హెచ్‌సీఈని యాన్సిబుల్ అనే స్వయంచాలక సాధనం చుట్టూ తిరిగి కట్టింది. ఒక్కో సర్వర్‌ను చేత్తో సర్దే రోజులు తగ్గాయనడానికి ఇవి సాక్ష్యాలే. అయితే 2024 జూలై 19న ఏం జరిగిందో చూడాలి. క్రౌడ్‌స్ట్రయిక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. యంత్రం లేవకపోతే దానికి దూరంనుంచి ఏ స్వయంచాలక సాధనమూ అందదు. చాలాచోట్ల మనిషి యంత్రం దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో తెరిచి, డిస్కు తాళం ఉంటే దాని రికవరీ కీ వెతికి కొట్టి, ఆ అప్‌డేట్ తెచ్చిన ఫైలును తీసేయాల్సి వచ్చింది. బూట్ మధ్యలో ఆపి లోపలికి పోవడం అనే పాతకాలపు అంశం పరీక్షలో ఎందుకుందో ఆ రోజు అందరికీ తెలిసింది. క్లౌడ్ కింద ఉన్నదీ లినక్సే, విండోసే. వాటిని తెలిసినవాళ్లు తక్కువమంది చాలవచ్చు, కానీ వాళ్లకు మరింత బాగా తెలిసి ఉండాలి.

ప్రభుత్వాలు ఈ విషయంలో ఏం చేశాయన్నది ఇక్కడ చూడక తప్పదు. 2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, ఉన్నత విద్యామండలి కంపెనీలతో ఒప్పందాలు చేసుకుని కాలేజీలకు కోర్సులు తెచ్చాయి. మైక్రోసాఫ్ట్‌తో కలిసి నడిపిన పథకంలో 1.62 లక్షల మంది విద్యార్థులను లక్ష్యంగా పెట్టుకుని, 2022 ఆగస్టులో విశాఖపట్నంలో సర్టిఫికెట్లు అందజేశారు. దీన్ని తీసిపారేయనక్కర్లేదు. మారుమూల డిగ్రీ కాలేజీలో క్లౌడ్ అనే మాట మొదటిసారి విన్న పిల్లలు అలాంటి పథకాలవల్లే విన్నారు. కానీ కోర్సు పూర్తిచేసినట్టు ఇచ్చే పత్రమూ, పర్యవేక్షణలో పరీక్ష రాసి సంపాదించిన పత్రమూ, యంత్రం మీద పనిచేసి సంపాదించిన పత్రమూ మన భాషలో మూడూ సర్టిఫికెట్టే. ఈ ఒక్క మాట చాటున ఆ మూడింటి తేడా మరుగునపడుతోంది. లక్షల లెక్క వినిపిస్తుంది, అందులో ఎంతమంది పడిపోయిన సర్వర్‌ను లేపగలరన్న లెక్క వినిపించదు. లక్ష మందికి పత్రాలిచ్చే డబ్బుతో కొన్ని వేలమందికి చేసి చూపించే పరీక్ష ఫీజు కట్టినా, అందులో సగం మంది తప్పినా, ఈ ప్రాంతానికి మేలు ఎక్కువ. తప్పే అవకాశం ఉన్న పరీక్షకే నెగ్గినప్పుడు విలువ వస్తుంది.

డబ్బు దొరికినా మిగిలే చిక్కు చోటుది. పెద్ద పరీక్షా కేంద్రాలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఉన్నాయి. కడప నుంచి బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు. కోవిడ్ కాలం నుంచి ఇంట్లో కూర్చుని రాసే వీలు బాగా విస్తరించింది. 2020 నుంచి రెడ్ హ్యాట్ పరీక్షనూ అలా రాయొచ్చు. అభ్యర్థి తన కంప్యూటర్‌ను వాళ్లిచ్చిన యూఎస్‌బీ వ్యవస్థతో బూట్ చేసి, వైరుతో కలిపే వెబ్‌క్యామ్‌ను పక్కన పెట్టుకోవాలి. ఆడపిల్లను అమీర్‌పేట హాస్టల్‌కు పంపడానికి వెనకాడే ఇళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. కానీ నియమాలు చాలా గట్టివి. గదిలో మరెవరూ ఉండకూడదు, మధ్యలో ఎవరూ రాకూడదు, పెదవులు కదిపి చదువుకోకూడదు. ఒకే హాలున్న ఇంట్లో, పక్కింటివాళ్లు తలుపు తట్టకుండా రాగల మన ఊళ్లలో, మూడు గంటలు అలాంటి గది దొరకడం తేలిక కాదు. ఎండాకాలం మధ్యాహ్నం నంద్యాలలో కరెంటు పోయి ఇంటర్నెట్ తెగితే ఆ నష్టం అభ్యర్థిదే. ఇంత చిక్కుకూ పరిష్కారం ఈ జిల్లాల్లోనే తయారై ఉంది. 2017లో ఎంసెట్ ఆన్‌లైన్ అయిన నాటి నుంచి కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరుల్లో ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాలు నడుస్తున్నాయి. ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయినా గదులు అవే. జనరేటరు ఉంది, సీసీ కెమెరాలున్నాయి, ఒకదానికొకటి అడ్డుగోడలున్న కంప్యూటర్లున్నాయి, గేటు దగ్గర తనిఖీ అలవాటైన సిబ్బంది ఉన్నారు. ప్రవేశ పరీక్షలు లేని వారాల్లో అలాంటి ఒక హాలు మూలన రెండు గదులు విడిగా కట్టి, ఒక్కోదానికి ఒక తలుపు, ఒక వైరు ఇంటర్నెట్, ఒక వెబ్‌క్యామ్ ఏర్పాటు చేస్తే, ఆళ్లగడ్డ విద్యార్థి పొద్దున పల్లెవెలుగు బస్సెక్కి నంద్యాలలో పరీక్ష రాసి, సాయంత్రానికి ఇంటికి చేరుకోవచ్చు.